గ్రేసీకి, ప్రార్థన గుంపు మొదలుపెట్టే ముందు

ప్రియమైన గ్రేసీకి, ప్రభువు నామంలో వందనాలతో పెద్దమ్మ రాసేది.

విదేశంలో సేవ చేస్తున్న ఒక మిషనరీ కుటుంబం కోసం ప్రార్థన గుంపు పెడుతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఎంత సంతోషపడ్డానో అంత గుబులూ పడ్డాను. ఇలాంటి గుంపులు మొదలవడం తేలికే. మూడో నెలకి సగంమంది రారు. ఆరో నెలకి "మిషనరీలందరినీ దీవించు ప్రభువా" అన్న ఒక్క ముక్క మిగులుతుంది. అవతలి మనిషికి తనకోసం ఎవరైనా ప్రార్థిస్తున్నారో లేదో కూడా తెలియదు.

చోటూ, వారమూ, గంటా నువ్వే చూసుకోగలవు. ఎనిమిది పదిమంది చాలు. ఒక గుంపుకి ఒకే కుటుంబం ఉండాలి. ముగ్గుర్ని పెట్టుకుంటే జ్వరం ఎవరి పిల్లాడికో, వీసా గొడవ ఎవరిదో కలిసిపోతుంది. కూడిక ముప్పావు గంట దాటనివ్వకు. ఉత్తరం చదవడానికి పది నిమిషాలు, ప్రార్థనకి ముప్పయి, వాళ్ళకి నాలుగు లైన్లు రాయడానికి చివరి అయిదు. ఒక్కొక్కరు ఒక్క అంశమే ఎత్తుకుని రెండు నిమిషాల్లో ముగించాలి. దీర్ఘ ప్రార్థనలు చేసే పెద్దవాళ్ళుంటే ముందే చెప్పు, నొచ్చుకోరు. అందరూ ఎగ్గొట్టేది ఆ చివరి అయిదు నిమిషాలే. ఆమేన్ అనగానే బైబిలు సంచీలో పెట్టుకుని లేచిపోతారు. ప్రార్థన దేవుడు వింటాడు, అందులో సందేహం లేదు. కానీ ఆ మనిషికి ధైర్యం రావాలంటే ఫలానా సంగతి ఎత్తి తనకోసం అడిగారన్న మాట తన చెవిన పడాలి కదా.

ప్రార్థన మనవులు వాళ్ళనే అడుగు, నువ్వు ఊహించి రాసుకోకు. వీసా ఏ తేదీతో ముగుస్తుంది, భాషా పరీక్ష ఎప్పుడు, పిల్లల బడి ఎలా ఉంది, రాత్రి నిద్ర పడుతోందా, భార్యాభర్తల మధ్య మాటలు సరిగ్గా సాగుతున్నాయా, తోటి పనివాళ్ళతో పొసుగుతోందా. చివరి రెండూ వాళ్ళంతట వాళ్ళు రాయరు. మిషనరీ కష్టం అనగానే మనకి హింసలే గుర్తొస్తాయి గానీ, సేవ వదిలి తిరిగొచ్చేసినవాళ్ళ కారణాల్లో తోటి మిషనరీలతో గొడవలు తరచూ కనిపిస్తాయి.

వాళ్ళ గడియారం తెలుసుకో. అక్కడ భాష తరగతి ఉదయం తొమ్మిదికైతే అది నీకు ఎన్ని గంటలో లెక్కేసి, ఆ వేళకి ఒక్కొక్కరు ఎక్కడున్నవాళ్ళు అక్కడే ప్రార్థించేలా వంతులు వెయ్యి. 1727లో జర్మనీలోని హెర్న్‌హూట్ అనే ఊళ్ళో మొరేవియన్లనే క్రైస్తవ సంఘంవాళ్ళు ఇలాగే గంటల వంతులు పంచుకున్నారు. ఆ వరస వందేళ్ళు సాగిందని చెప్తారు. 1732లో వాళ్ళ మొదటి మిషనరీలిద్దరూ కరేబియన్‌లోని సెయింట్ థామస్ దీవికి బయల్దేరేనాటికి వెనక ఆ వంతులు నడుస్తూనే ఉన్నాయి.

ఒక నోటుబుక్కు పెట్టు. తేదీ, మనవి, జవాబు. జవాబు గడిలో జరిగింది, వేరేలా జరిగింది, ఇంకా ఉంది అన్న మూడింట్లో ఒకటి రాయాలి. రెండోది గుర్తుపట్టడం గుంపుకి అలవాటు కావాలి. రోమా పత్రిక 15వ అధ్యాయం చివర పౌలు మూడు సంగతులకి ప్రార్థన కోరాడు. యూదయలోని అవిధేయుల చేతిలోంచి తప్పించబడాలని, తాను తీసుకెళ్ళే సహాయం యెరూషలేములోని పరిశుద్ధులకి ఇష్టం కావాలని, ఆపైన సంతోషంతో రోముకి రావాలని. తీరా యెరూషలేములో పట్టుబడ్డాడు, కైసరయలో రెండేళ్ళు చెరలో ఉన్నాడు, ఓడ బద్దలైంది, రోముకి ఖైదీగా చేరాడు. అక్కడ ప్రార్థించినవాళ్ళు నోటుబుక్కు రాసి ఉంటే ఆ మూడో మనవికి ఎదురుగా ఏం రాసేవాళ్ళో చూసుకో. ఈ గడి లేకపోతే గుంపు "జవాబు రాలేదు" అనుకుని ఆ అంశాన్ని మెల్లగా వదిలేస్తుంది.

ఇక నన్ను నిద్రపోనివ్వని సంగతి. "ఎంతమంది?" అన్న ప్రశ్న.

కొత్త దేశంలో మొదటి ఒకటి రెండేళ్ళు చాలావరకు భాషకే పోతాయి. నెల ఉత్తరంలో ఏముంటుంది? క్రియారూపాలు నోటికి రావడం లేదు, ఇంటాయన నీళ్ళ పైపు బాగుచెయ్యలేదు, పక్కింటావిడ మొదటిసారి పలకరించింది, అంతే. గుంపుకి ఇది చప్పగా ఉంటుంది. ఎవరో ప్రేమతోనే అడుగుతారు, "ఎంతమంది రక్షణలోకి వచ్చారు బ్రదర్? బాప్తిస్మాలు ఏమైనా?" అని. ఆయన దాన్ని పదిసార్లు చదువుకుంటాడు. మరుసటి ఉత్తరంలో ఊరికే కబుర్లకి వచ్చిన ఇద్దరు కుర్రాళ్ళు "సత్యాన్ని వెతుకుతున్న యువకులు" అవుతారు. ఆ తర్వాతి దాంట్లో "యువకుల మధ్య గొప్ప కార్యం" అవుతుంది. ఇక్కడ గుంపు చప్పట్లు కొట్టి స్తుతిస్తుంది. అక్కడ ఆయన మిట్టమధ్యాహ్నం తలుపేసుకుని పడుకుని ఉంటాడు. ఆ సంగతి ఇప్పుడు రాయలేడు, రాస్తే ముందు ఉత్తరాలు అబద్ధమైపోతాయి. చివరికి తిరిగొచ్చేస్తున్నామన్న కబురు వస్తుంది. "అదేంటి, అంతా బాగుందన్నారుగా" అంటారు గుంపువాళ్ళు. బాగుందని రాయించుకున్నది వీళ్ళే.

దీనికి మూలం ఎక్కడుందో చూడు. కానుక పంపేవాళ్ళకీ ప్రార్థించేవాళ్ళకీ వెళ్ళేది ఒకే ఉత్తరం. నెలనెలా వచ్చే ఆధారం దానిమీద ఉన్నప్పుడు ఎవరు మనసు విప్పుతారు? అందుకని మీ గుంపు ఉత్తరం వేరేగా ఉండాలి. డబ్బు లెక్క చూసే మనిషి ప్రార్థన మనవులు అడగకూడదు. మొదటి ఉత్తరంలోనే "మాకు లెక్కలు వద్దు" అని రాసెయ్యి. అంకెలకి బదులు "ఈ వారం ఏ రోజు గడవడం కష్టమైంది?" అని అడుగు. పౌలంతటివాడు కొరింథీయులకి రెండో పత్రిక మొదట్లోనే, ఆసియలో బ్రతుకు మీద ఆశే వదులుకున్నామని రాశాడు. మీ ప్రార్థన సహాయం కావాలన్న మాట ఆ వెంటనే వస్తుంది.

జేమ్స్ ఫ్రేజర్ అనే ఇంగ్లాండు మిషనరీ సంగతి తెలుసుకో. 1908లో చైనా వెళ్ళి, యున్నాన్ కొండల్లో లీసు ప్రజల మధ్య పనిచేశాడు. ఇంగ్లాండులో వాళ్ళ అమ్మ కొద్దిమందిని పోగుచేసి ఆయన కోసం ప్రార్థన గుంపు నడిపింది. ఏళ్ళ తరబడి ఫలం అంతంతమాత్రం. ఒంటరితనంతో బాగా కుంగిన రోజులున్నాయి. అయినా ఊళ్ళ సంగతులు, వెనక్కిపోయిన కుటుంబాల సంగతి ఉన్నదున్నట్టు వాళ్ళకి రాసేవాడు. 1916లో వందకు పైగా లీసు కుటుంబాలు క్రీస్తు వైపు తిరిగాయి. అంతకుముందు ఆ చేదు ఉత్తరాలు పట్టుకుని విసుక్కోకుండా మోకరించిన ఆడవాళ్ళని తలుచుకుంటే నాకు ముచ్చటేస్తుంది. నువ్వూ అలాంటిదానివేనమ్మా, అందుకే ఇంత చెప్తున్నాను.

కుంగుబాటుకి గుర్తులుంటాయి. ఉత్తరాలు పొట్టివవుతాయి. "నేను" పోయి అన్నీ "మేము" అవుతాయి. రెండు నెలలుగా భార్య ఊసో పిల్లల ఊసో ఉండదు. అప్పుడు గుంపంతా మీద పడకండి. ఒక్కరు, వాళ్ళకి వీలైన వేళ అడిగి, ఫోన్ చెయ్యాలి. కుంగిన మనిషికి "అన్నిటికీ స్తోత్రం చెల్లించండి" అని వాక్యం పంపేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. నువ్వు పంపేది ఇలా ఉంటే చాలు: "గురువారం రాత్రి మీ భాషా పరీక్ష గురించి, పాపకి నిద్ర పట్టకపోవడం గురించి ప్రార్థించాం. 121వ కీర్తన చదివాం. జవాబు రాయనవసరం లేదు." ఆ చివరి ముక్క మరిచిపోకు. అది లేకపోతే వాళ్ళ నెత్తిన ఇంకో పని పెట్టినట్టే.

రహస్యం విషయంలో మాత్రం నిన్ను ముందే కేకలేస్తున్నాను. ఏ మాటలు రాయొచ్చో, ఏవి కూడదో మొదటిరోజే వాళ్ళని అడుగు. కొన్ని దేశాల్లో "మిషనరీ", "బాప్తిస్మం" అన్న మాటలే చిక్కు తెస్తాయి. అక్కడి విశ్వాసుల పేర్లు ఎక్కడా రాయొద్దు, ఫోటోలు పంచుకోవద్దు. మనం ప్రార్థించే మిషనరీ కుటుంబానికి మహా అయితే వీసా పోతుంది. అక్కడి మనిషి ఉద్యోగమో ఇల్లో పోగొట్టుకుంటాడు, కొన్నిచోట్ల ప్రాణానికే ముప్పు. సందేశాలు గుట్టుగా పంపే సిగ్నల్ యాప్ వాడుతున్నాం కాబట్టి భయం లేదనుకోకు. బయటికి పొక్కేది ఫార్వర్డుల వల్ల, స్క్రీన్‌షాట్ల వల్ల. మనవాళ్ళు అసలు ఆలోచించనిది ఇంకోటుంది. ఆదివారం ఆరాధన యూట్యూబ్‌లో లైవ్ వెళ్తుంటే, పాస్టరుగారు ఆప్యాయంగా పేరూ దేశమూ చెప్పి ప్రార్థిస్తారు. అది ఎవరైనా వినొచ్చు. పాస్టరుగారితో ఇప్పుడే మాట్లాడి ఉంచు.

మొదటి ఉత్తరం రాశాక పంపకుండా ఆగు. ఒకసారి నాకు ఫోన్‌లో చదివి వినిపించు, ఆ తర్వాత పంపుదువుగాని.

మీ పెద్దమ్మ