ఈగకు కడుపు పాడవదా?

ప్రశ్న: మామిడిపళ్లు ఇంట్లోకి వస్తే చాలు, సన్నటి ఈగలు ముసురుతాయి. రోజంతా కుళ్లిన తొక్కల మీదే ఉంటాయి. అంత మురికి తిన్నా వాటికేం కాదా?
– ఒక పాఠకురాలు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: అవుతుందండీ, కొన్ని చస్తాయి కూడా. కానీ అంత తేలిగ్గా పడిపోవు. నువ్వుగింజంత ఒళ్లు, ఎర్రటి కళ్లు ఉంటే అది డ్రోసోఫిలా, మన పండు ఈగ. దాని పేగు లోపల కైటిన్ (పురుగుల పైపెంకులో ఉండే పదార్థం), ప్రొటీన్లు కలిసిన పల్చటి పొర ఉంటుంది, తిన్నదీ దాంతోపాటు వచ్చిన బ్యాక్టీరియా చాలావరకు ఆ పొర లోపలే ఉండిపోతాయి, పేగు కణాలకు తగలవు. బ్యాక్టీరియా గోడ నుంచి ఊడిన ముక్కలు మాత్రం పొర దాటి వస్తాయి. వాటిని పసిగట్టిన కణాలు బ్యాక్టీరియాను చంపే చిన్న చిన్న ప్రొటీన్లు తయారుచేస్తాయి. మనకున్నట్టు యాంటీబాడీలు ఈగకు లేవు మరి. ఇంకో ఆయుధం డ్యుయాక్స్ అనే ఎంజైమ్. అది పుట్టించే ఘాటు రసాయనాల్లో హైపోక్లోరస్ ఆమ్లం ఒకటి, బ్లీచింగ్ పౌడర్ నీళ్లలో క్రిములను చంపేది కూడా అదే.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఆ ఘాటు ఎప్పుడూ వదులుతూ కూర్చుంటే ఈగ పేగే పాడవుతుంది, పైగా అక్కడ కాపురముండే లాక్టోబాసిల్లస్ లాంటి మంచి బ్యాక్టీరియా కూడా పోతాయి. మరి ఎవరి మీద వదలాలో ఎలా తెలుస్తుంది? హానిచేసే బ్యాక్టీరియా యురాసిల్ అనే పదార్థం వదులుతాయని, డ్యుయాక్స్‌ను లేపేది అదేనని, మంచివి మామూలుగా దాన్ని వదలవని దక్షిణ కొరియా శాస్త్రవేత్తలు 2013లో చూపించారు. పైగా గోడ ముక్కలు కొద్దిగా ఉంటే వాటిని అక్కడికక్కడే కత్తిరించి, అనవసరంగా గోల మొదలవకుండా చూసే ఎంజైములూ ఉన్నాయి. నన్నడిగితే చంపడంకన్నా ఈ ఓర్పే గొప్ప. ఇంతా చేసి కొన్ని పేగు కణాలు చచ్చినా, మూలకణాలు గబగబా విభజన చెంది కొత్తవాటిని నింపుతాయి.

ప్రశ్న: మిరపలో బీటీ మందు కొడితే పురుగు ఎలా చస్తుంది? తామర పురుగుకూ పనిచేస్తుందా?
– ఒక రైతు, గుంటూరు జిల్లా

జవాబు: బీటీ అంటే బాసిల్లస్ తురింజియెన్సిస్ అనే బ్యాక్టీరియాతో చేసిన మందు. లద్దె పురుగు (ఒక రకం గొంగళి పురుగు) ఆకుతోపాటు ఆ మందునూ తింటుంది. దాని పేగులో క్షారగుణం ఎక్కువ కాబట్టి ఆ బ్యాక్టీరియా తయారుచేసిన ప్రొటీన్ స్ఫటికాలు కరిగి పేగు కణాలకు రంధ్రాలు పెడతాయి. పైన చెప్పిన రక్షణలు ఇక సరిపోవు, పురుగు మేత మానేసి కొద్ది రోజుల్లో చస్తుంది. చిన్న పురుగుగా ఉన్నప్పుడే, సాయంత్రం పూట కొట్టండి, ఎండకు మందు బలం పోతుంది. బజారులో దొరికే ఈ రకం గొంగళి పురుగులకే పనిచేస్తుంది, తామర పురుగు కోసం దాని మీద డబ్బు పెట్టకండి.