మందుల షాపు కంప్యూటరులో ఉన్న నంబర్లు ఎవరివి?

ప్రశ్న: మాకు రాజమహేంద్రవరంలో రెండు మందుల షాపులు ఉన్నాయి. తొమ్మిదేళ్లుగా పోగైన పద్నాలుగు వేల మంది పేర్లు, ఫోను నంబర్లు, ఎవరు ఏ మందు కొన్నారన్న వివరాలు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాయి. కొత్త డేటా చట్టం వచ్చిందని, తాము ఇచ్చే సర్టిఫికెట్ లేకపోతే 250 కోట్ల జరిమానా పడుతుందని ఒకాయన వచ్చి 60 వేలు అడుగుతున్నాడు. బీపీ, షుగరు మందులు అయిపోయే సమయానికి మా అబ్బాయి అందరికీ వాట్సాప్‌లో గుర్తు చేస్తుంటాడు. అది ఆపేయాలా? షుగరు మందులు కొనేవారి జాబితా ఇస్తే తగిన కమీషన్ ఇస్తామని ఒక ల్యాబ్ వారు అడుగుతున్నారు. ఇవ్వవచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: మీరు చివర అడిగినదానికి ముందు జవాబు చెబుతాను. ఆ జాబితా ఇవ్వకండి. రేపు వచ్చే చట్టం సంగతి తర్వాత, ఈ రోజు అమలులో ఉన్న చట్టం ప్రకారమే అది తప్పు. ఐటీ చట్టం 43ఎ సెక్షను, దాని కింద 2011లో వచ్చిన నియమాలు ఆరోగ్య వివరాలను సున్నితమైన సమాచారంగా లెక్కగట్టాయి. వాటిని బయటివారికి ఇవ్వాలంటే ఆ మనిషి అనుమతి ముందుగా ఉండాలి. ‘మాది కంపెనీ కాదు, సొంత షాపు’ అనడానికీ వీలు లేదు. ఆ సెక్షను సొంత యాజమాన్యంలోని వ్యాపారాన్ని కూడా కలుపుకొనే రాశారు.

మూడేళ్ల కిందట ఒక యువతి తండ్రితో కలిసి నా దగ్గరకు వచ్చింది. ఆమెకు పెళ్లి మాటలు జరుగుతుండగా ఫిట్స్ మందు వాడుతోందన్న సంగతి అవతలివారికి చేరింది. చేరవేసినది మనిషి నోరు కాదు, ఒక షాపు కంప్యూటరు తెరకు ఫోనుతో తీసిన ఫొటో. పేరు, నంబరు, మందు, ఎన్ని నెలలుగా కొంటున్నదీ అన్నీ అందులో ఉన్నాయి. ఆ తండ్రి ఫొటోను నా బల్ల మీద పెట్టి చాలాసేపు మాట్లాడలేకపోయాడు. షుగరు జాబితా అంత ప్రమాదం కాదని మీకు అనిపించవచ్చు. కానీ ఈ జాబితా తీసే మీటతోనే మానసిక వైద్యానికి, గర్భనిరోధానికి, హెచ్ఐవీకి మందులు వాడేవారి జాబితాలూ వస్తాయి.

ఇక కొత్త చట్టం. గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం పుట్టస్వామి కేసులో తీర్పు చెప్పింది. ఆ తర్వాత ఆరేళ్లకు డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం, 2023 వచ్చింది. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. వ్యాపారుల మీద పడే ప్రధాన బాధ్యతలకు పద్దెనిమిది నెలల గడువు ఇచ్చారు. అంటే నోటిఫికేషన్ ప్రకారం 2027 మే నుంచి అవి అమలులోకి వస్తాయి. మీకు సమయం ఉంది, కానీ పద్నాలుగు వేల మంది వివరాలు సర్దుకోవడానికి అది మరీ ఎక్కువ సమయం ఏమీ కాదు.

ఈ చట్టంలో మీరు మనసులో పెట్టుకోవలసిన ప్రశ్న ఒక్కటే: ఈ నంబరు ఆమె ఎందుకు ఇచ్చింది? చట్టమే ఉదాహరణగా ఒక మందుల షాపును తీసుకుంది. డబ్బు కట్టినట్టు రసీదు తన ఫోనుకు పంపమని కస్టమరు తనంతట తాను నంబరు ఇస్తే, రసీదు పంపడానికి ఆ నంబరు వాడుకోవచ్చు. దానికి వేరే కాగితం, సంతకం అక్కర్లేదు. కానీ ఇచ్చింది రసీదు కోసం. పండగ ఆఫర్లకు కాదు, మందు అయిపోయిందని గుర్తు చేయడానికీ కాదు.

కాబట్టి మీ అబ్బాయి చేస్తున్న పనిని మానిపించనక్కర్లేదు, అడిగి చేయమనండి. బీపీ మాత్ర మరిచిపోయే పెద్దవారికి ఆ సందేశం నిజంగా మేలు చేస్తుంది. బిల్లు వేసేటప్పుడే అడగవచ్చు: “మందులు అయిపోయే ముందు ఈ నంబరుకు గుర్తు చేయమంటారా? వద్దనుకుంటే ఎప్పుడైనా ‘వద్దు’ అని పంపండి, ఆపేస్తాము.” అవును అన్నవారి పేరు పక్కన తేదీతో గుర్తు పెట్టండి. వారు మౌనంగా ఉంటే సమ్మతి కాదు, ముందే టిక్కు పెట్టి ఉన్న గడి కూడా సమ్మతి కాదు. ఇచ్చినంత తేలికగా వెనక్కి తీసుకోగలగాలి. ఏ వివరాలు, దేనికి, ఎవరికి ఫిర్యాదు చేయాలి అన్న నోటీసును ఇంగ్లీషులో గానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలో గానీ చదువుకునే వీలు కస్టమరుకు ఉండాలి. అందులో మన తెలుగు ఉంది. కౌంటరు మీద పెద్ద అక్షరాలతో తెలుగు నోటీసు పెట్టండి. పద్దెనిమిదేళ్ల లోపు వారి విషయంలో తల్లిదండ్రుల సమ్మతి కావాలి గనుక పిల్లల మందులకు పెద్దలను అడిగి, వారి నంబరే తీసుకోవడం మేలు.

అరవై వేల సర్టిఫికెట్ ఆయనను పంపించేయండి. మీలాంటి షాపు ఫలానా సర్టిఫికెట్ కొనాలని చట్టంలో ఎక్కడా లేదు. డేటా ఆడిటరు, ప్రత్యేక అధికారి వంటివి ప్రభుత్వం ప్రత్యేకంగా గుర్తించి ప్రకటించే పెద్ద సంస్థలకు వర్తిస్తాయి. 250 కోట్లు అన్నది భద్రతా జాగ్రత్తలు తీసుకోనివారికి విధించగల గరిష్ఠ మొత్తం. తప్పు తీవ్రత, ఎన్నాళ్లు సాగింది, సరిదిద్దుకోవడానికి ఏం చేశారు, ఆ జరిమానా మీ మీద ఎంత భారం అవుతుంది అన్నవన్నీ చూసే, ఈ చట్టం కింద ఫిర్యాదులు విచారించే డేటా ప్రొటెక్షన్ బోర్డు నిర్ణయిస్తుంది. భయపెట్టి అమ్మే కాగితం ఆ రోజు మిమ్మల్ని కాపాడదు.

కాపాడేవి వేరే ఉన్నాయి. మీరు రాయలేదు గానీ, మీ షాపులోనూ జరుగుతూ ఉండవచ్చు గనుక చెబుతున్నాను. కస్టమరు డాక్టరు చీటీని ఫొటో తీసి వాట్సాప్‌లో పంపుతాడు. అది కౌంటరు కుర్రవాడి సొంత ఫోనుకు వస్తుంది. అక్కడి నుంచి డెలివరీ అబ్బాయి ఫోనుకు వెళుతుంది. పని అయిపోతుంది, చీటీ మాత్రం ఇద్దరి గ్యాలరీల్లోనూ వాళ్ల పెళ్లి ఫొటోల మధ్య ఉండిపోతుంది. ఆ అబ్బాయి మానేసి వేరే షాపులో చేరితే చీటీలు అతనితోపాటే వెళతాయి. షాపుకు ఒక ఫోను కొనండి, చీటీలు దానికే రావాలి, మందు చేరగానే తీసేయాలి. కంప్యూటరులో ఒక్కొక్కరికి ఒక్కో పాస్‌వర్డు ఇవ్వండి, అందరికీ తెలిసిన పాస్‌వర్డు ఉన్నా లేనట్టే. క్యూలో పదిమంది వింటుండగా నంబరు గట్టిగా చెప్పించకండి.

పాత వివరాలన్నీ చెరిపేయనక్కర్లేదు. గతంలో సమ్మతితో తీసుకున్నవాటికి వీలైనంత త్వరగా నోటీసు పంపి, వారు వద్దనే వరకు కొనసాగవచ్చు. షెడ్యూల్ హెచ్1 మందుల (డాక్టరు చీటీ మీదే అమ్మి, వివరాలు విడిగా రాయవలసిన మందుల) రిజిస్టరును మూడేళ్లు, జీఎస్టీ లెక్కలను వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు ఉంచాలని ఆయా చట్టాలే చెబుతున్నాయి గనుక వాటిని ముట్టుకోవద్దు. కానీ జీఎస్టీకి బిల్లు కావాలి, బిల్లు మీద ఆమె ఫోను నంబరు అవసరం లేదు. నాలుగైదేళ్లుగా షాపు గడప తొక్కనివారి నంబర్లు ఎందుకు ఉంచారో మీరే చెప్పలేకపోతే, తీసేయండి.

సమాచారం బయటకు పొక్కితే దాచవద్దు. సైబర్ దాడి జరిగితే ఆరు గంటల్లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు తెలపాలన్న ఆదేశం 2022 నుంచే ఉంది. కొత్త నియమాల కింద ఆ కస్టమర్లకూ, బోర్డుకూ వెంటనే చెప్పాలి, 72 గంటల్లో పూర్తి నివేదిక ఇవ్వాలి.

ఈ చట్టంలో నన్ను బాధపెట్టే లోపం ఒకటి ఉంది. జరిమానా సొమ్ము మొత్తం ప్రభుత్వ ఖజానాకు పోతుంది. పరువు పోయిన మనిషికి అందులో పైసా రాదు. నష్టపరిహారం అడగడానికి ఇన్నాళ్లూ దారి చూపిన 43ఎ సెక్షను కూడా కొత్త చట్టం పూర్తిగా అమలులోకి రాగానే రద్దవుతుంది. ఆ యువతి లాంటివారు రేపు నా దగ్గరకు వస్తే ఏం చెప్పాలన్నది నన్ను వేధిస్తోంది. అందుకే షాపు గుమ్మం దగ్గరే ఆ తప్పు ఆగాలని ఇంతగా చెబుతున్నాను.

మీ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ కంపెనీతో చేసుకున్న ఒప్పందం తీసి చూడండి. వారి దగ్గర డేటా పోయినా చట్టం ముందు జవాబు చెప్పేది మీరే. బ్యాకప్ ఎక్కడ ఉంది, ఎవరెవరు చూడగలరు, మీరు మానేస్తే తీసేస్తారా అన్నవి అందులో రాసి లేకపోతే, రాసి ఇమ్మని ఈ వారంలోనే ఉత్తరం పెట్టండి. ల్యాబ్ వారికి మాత్రం జాబితాకు బదులు కౌంటరు మీద కరపత్రాలు పెట్టుకోమని చెప్పండి. కావలసినవారు తమంతట తామే తీసుకుంటారు.