సమ్మె రోజుల్లో ఆపరేటర్ పలకకపోతే ఏం చేయాలి?

టెలిఫోన్ ఉద్యోగుల సమ్మె మొదలైన నాటి నుంచి ఆపరేటర్ పలకడం లేదని, మీ ఫోన్ లైన్ కూడా ఆగిపోతుందేమోనని మీరు అడిగారు. లైన్ గురించి అంతగా ఆందోళన అక్కర్లేదు. మీరు నంబరు నొక్కి నేరుగా చేసే కాల్‌ను ఎక్స్ఛేంజిలోని యంత్రాలే కలుపుతాయి కనుక, ఉద్యోగులు విధులకు రాకపోయినా అది సాధారణంగా సాగుతూనే ఉంటుంది. ఇబ్బందంతా మనిషి చేయి పడవలసిన పనుల్లోనే వస్తుంది: నంబరు వాకబు, బిల్లు వివాదం, కొత్త కనెక్షన్, తెగిన తీగ మరమ్మతు.

1947 ఏప్రిల్‌లో అమెరికాలో సుమారు 3,50,000 మంది టెలిఫోన్ ఉద్యోగులు సమ్మెకు దిగినప్పుడు ఇదే కనిపించింది. డయల్ ఫోన్లున్న చోట స్థానిక కాల్స్ సాగాయి గానీ, ఆపరేటర్ స్వయంగా తీగను స్విచ్‌బోర్డు రంధ్రంలో గుచ్చి కలపవలసిన దూరప్రాంతపు కాల్స్‌కు తీవ్రమైన అంతరాయం కలిగింది.

సమ్మె కాలంలో సంస్థలు సాధారణంగా పర్యవేక్షకులను, మేనేజర్లను ఆపరేటర్ల స్థానంలో కూర్చోబెడతాయి. వారి సంఖ్య తక్కువ, పైగా రోజూ చేసే పని కాకపోవడంతో ఒక్కో కాల్‌కు ఎక్కువ సమయం పట్టి, వరుస పెరిగిపోతుంది. ఆ నైపుణ్యం ఎంత విలువైనదో అప్పుడే మనకు తెలుస్తుందని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను.

మీ కాల్ వరుసలో ఉన్నట్లు వినిపిస్తే, పెట్టేసి మళ్లీ చేయకండి. చేస్తే వరుస చివరికి వెళ్తారు. బిల్లు ఫిర్యాదును రాతపూర్వకంగా పంపి, తేదీని, ఫిర్యాదు సంఖ్యను భద్రపరచుకోండి. అత్యవసర సేవలకు మాత్రం ఆపరేటర్ కోసం ఎదురుచూడకుండా, ఆ నంబరునే నేరుగా నొక్కండి.