జింక్ అరగలేదని సంతోషపడకండి అన్నా

భవానీ ఐలాండ్ దగ్గర కట్టేసిన పడవకి కొత్త జింక్ యానోడ్ (తను అరిగిపోతూ మిగతా లోహాన్ని తుప్పు నుంచి కాపాడే ముక్క) వేసినా అది అలాగే ఉండి సెయిల్‌డ్రైవ్ లెగ్ (ఇంజిన్ నుంచి పడవ అడుగున నీళ్ళలోకి దిగి ప్రొపెల్లర్‌ని తిప్పే లోహపు కాలు) మాత్రం గుంటలు పడుతోందన్నారు కదా, అరగట్లేదంటే అది పని చెయ్యట్లేదనే అన్నా, కృష్ణలో మంచినీళ్ళు కాబట్టి జింక్ మీద పొర గట్టిపడి కూర్చుంటుంది. నదిలో ఉన్నన్నాళ్ళూ మెగ్నీషియం వెయ్యండి. కానీ లారీ మీద నిజాంపట్నం తీసుకెళ్ళి సముద్రంలో దించేముందు అది పీకెయ్యాలి, ఉప్పునీళ్ళలో చాలా తొందరగా అరిగిపోతుంది, చుట్టూ పెయింట్ కూడా లేపేస్తుంది. అక్కడికి అల్యూమినియం యానోడే బెస్ట్, ఏటి మొగ దగ్గర ఉప్పూ మంచీ కలిసిన నీళ్ళలో కూడా పని చేస్తుంది. బిగించే చోట లోహం మెరిసేదాకా గీకండి, యానోడ్‌కీ లెగ్‌కీ మధ్య మల్టీమీటర్ పెడితే 1 ఓమ్ లోపే చూపించాలి. యానోడ్‌కి మాత్రం రంగు వెయ్యనివ్వకండి, మన పెయింటర్లు చెప్పకపోతే దానికీ కొట్టేస్తారు. సగం అరిగిందంటే మార్చెయ్యడమే.