పెన్షన్ పరీక్షలో 1983 నాటి మరణాల పట్టిక చెల్లుతుందా?

ప్రశ్న: న్యూజెర్సీలో నేను, నా భార్య దంత వైద్యశాల నడుపుతున్నాం. మా ఇద్దరికీ క్యాష్ బ్యాలెన్స్ పెన్షన్ ప్లాన్ (ఖాతా రూపంలో చూపే పెన్షన్), సిబ్బందికి 401(కె) ప్రాఫిట్ షేరింగ్ (యజమాని వారి ఖాతాల్లో జమ చేసే పదవీ విరమణ పథకం) ఉన్నాయి. రెండింటినీ కలిపి ఏటా చేసే వివక్ష పరీక్షకు (ప్రయోజనాలు యజమానులవైపే మొగ్గడం లేదని చూసే లెక్క) మా యాక్చువరీ (పెన్షన్ లెక్కల నిపుణులు) 1983 గ్రూప్ యాన్యుటీ మరణాల పట్టిక (ఏ వయసులో ఎందరు మరణిస్తారో చూపేది) వాడారు. ప్లాన్ పత్రంలో మాత్రం పన్ను చట్టం సెక్షన్ 417(ఇ) కింద ప్రభుత్వం ప్రకటించే పట్టిక అని ఉంది. అంత పాత పట్టిక చెల్లదని కొత్త అకౌంటెంట్ అంటున్నారు. పన్ను శాఖ ఐఆర్ఎస్ తనిఖీకి వస్తే మాకు ఇబ్బందా?

జవాబు: చెల్లుతుంది డాక్టర్ గారూ, ఆ విషయంలో బెంగ వద్దు. ట్రెజరీ (అమెరికా ఆర్థిక శాఖ) నిబంధన 1.401(ఎ)(4)-12లో ‘ప్రామాణిక మరణాల పట్టిక’ అంటే ఏవో పేర్లతో సహా ఉంది. 1971, 1983 నాటి గ్రూప్, వ్యక్తిగత యాన్యుటీ పట్టికలు, యూపీ-1984, వాటితోపాటు 417(ఇ) పట్టిక అందులో ఉన్నాయి. నిజానికి జాగ్రత్త పడాల్సింది కొత్తదనే నమ్మకంతో జాబితాలో లేని పట్టికను తెచ్చి పెట్టినప్పుడు. ప్రాఫిట్ షేరింగ్ జమను పెన్షన్‌గా మార్చి చూసే పరీక్షకు ప్రామాణిక పట్టికే కావాలి.

ప్లాన్ పత్రంలోని పట్టిక పని వేరు. ఎవరికి ఎంత పెన్షన్ వస్తుందో తేల్చేది అది. ఆ లెక్క యజమాని ఇష్టానికి వదలకూడదు కనుక సెక్షన్ 401(ఎ)(25) దాన్ని పత్రంలోనే రాయమంటుంది. పరీక్షలో వాడేది కొలతకు మాత్రమే. రెండూ ఒకటే కానక్కరలేదు.

ఇక పట్టిక మారితే ఫలితం ఎంత మారుతుంది? ప్రాఫిట్ షేరింగ్‌ను విడిగా పరీక్షిస్తే దాదాపు ఏమీ మారదు. 30 ఏళ్ల సహాయకురాలికీ, 55 ఏళ్ల మీకూ చెరో 10,000 డాలర్లు జమ చేశారనుకోండి. 8.5 శాతం వడ్డీతో 65వ ఏటికి ఆమె సొమ్ము సుమారు 1,73,800 డాలర్లు అవుతుంది, మీది 22,600. ఆమెది మీకు ఏడున్నర రెట్లకు పైమాటే. వడ్డీ 7.5 శాతమైతే ఆ తేడా ఆరు రెట్లకు తగ్గుతుంది. నిబంధన అనుమతించేది ఈ రెండు రేట్ల మధ్యే. ఆ మొత్తాలను నెలసరి పెన్షన్‌గా మార్చేటప్పుడు ఇద్దరికీ భాగహారం ఒకే సంఖ్యతో జరుగుతుంది. 65 లోపు మరణాలను లెక్కలోకి తీసుకోకూడదని నిబంధన కనుక పట్టిక ఏదైనా నిష్పత్తి కదలదు.

మీలా రెండు ప్లాన్లు కలిపితే మాత్రం కదులుతుంది. మీ క్యాష్ బ్యాలెన్స్ ఖాతా ప్లాన్ పత్రం ప్రకారమే పెన్షన్‌గా మారుతుంది. సిబ్బంది జమ పరీక్ష పట్టిక ప్రకారం మారుతుంది. పాత పట్టికలో ఆయుర్దాయం తక్కువ, అందువల్ల అదే సొమ్ముకు నెలసరి పెన్షన్ ఎక్కువగా తేలుతుంది. జీతంతో పోల్చి చూసే సిబ్బంది పెన్షన్ రేట్లు పెరిగి పరీక్ష నెగ్గడం సులువవుతుంది. మీ యాక్చువరీ దాన్ని ఎంచుకోవడానికి కారణం బహుశా ఇదే. అందులో తప్పేమీ లేదు.

తప్పు ఎక్కడ జరుగుతుందంటే, పురుషులకు పురుషుల పట్టిక, స్త్రీలకు స్త్రీల పట్టిక వాడితే. లెక్క స్త్రీపురుష భేదం లేకుండా జరగాలని నిబంధన. స్త్రీలు ఎక్కువ కాలం బతుకుతారని వారి నుంచి ఎక్కువ పెన్షన్ చందా వసూలు చేసిన లాస్ ఏంజెలెస్ నీటి, విద్యుత్ శాఖను సుప్రీంకోర్టు 1978లోనే తప్పుపట్టింది. మీ నివేదికలో పురుషుల పట్టిక ఉంటే అది అందరికీ ఒకేలా వర్తించిందో లేదో చూడండి. నేనైతే మొదట చూసే పేజీ అదే.

తర్వాత, 417(ఇ) పట్టికతో కూడా ఒకసారి పరీక్ష చేయించి ఇవ్వమని యాక్చువరీని అడగండి. పాత పట్టికతో మాత్రమే, అదీ అంచు మీద నెగ్గుతుంటే, ఒక యువ ఉద్యోగి మానేసినా వచ్చే ఏడాది ఓడిపోవచ్చు. అలాంటప్పుడు సిబ్బంది వాటా ముందే కొంత పెంచడం మేలని నా అభిప్రాయం. వారికి కనీస జమ ఎలాగూ ఇవ్వాలి. మీ పెన్షన్ రేటు బాగా ఎక్కువైతే అది జీతంలో 7.5 శాతం దాకా వెళ్తుంది, దానికి మరణాల పట్టికతో సంబంధం లేదు. పరీక్ష తప్పినా క్యాలెండర్ ఏడాది ప్లాన్లకు మరుసటి అక్టోబరు 15 లోపు సవరణతో సిబ్బంది వాటా పెంచి సరిదిద్దుకోవచ్చు. అందుకే లెక్కలు సెప్టెంబరు దాకా సాగదీయకండి.