ఆ పాపకు ముందు జవాబు రాయి

నాయనా,

నీ ఉత్తరం మొన్న శనివారం అందింది. నవల అచ్చయి నాలుగు నెలలు కూడా కాకముందే ఒక బడికి పిలిచి పిల్లలతో ప్రశ్నలు అడిగించారంటే శానా సంతోషం, పిల్లల నవలలు ఎవరు చదువుతారులే అని అందరూ అంటా ఉన్న రోజుల్లో ఇది చిన్న సంగతి కాదు. కానీ నీ ఉత్తరం రెండో పేజీ చదివినాక మనసు కుదురుగా లేదు, అందుకే ఇంత పొడుగు రాస్తున్నా, ఓపిగ్గా చదువుకో.

జొన్నగిరి చేలల్లో వజ్రాలు ఏరే తల్లీకూతుళ్ల కథ కదా నీది. ఆరో తరగతి పాప ఒకతి లేచి "సార్, వాళ్లమ్మకు వజ్రం దొరకలేదు కదా, మళ్లీ వచ్చే వానకు వస్తుందా" అని అడిగింది అన్నావు. నువ్వేమో "వజ్రం దొరకడం ముఖ్యం కాదమ్మా, కష్టపడటం ముఖ్యం" అన్నావంట. పాప ఏం మాట్లాడకుండా కూర్చుందంట. అక్కడే ఆగిపోయినా నేను, ఆ పాప కూర్చోవడం దగ్గర.

ఆ పాప నిన్ను నీతి అడగలేదు నాయనా. తుగ్గలి, జొన్నగిరి, మద్దికెర పక్క తొలకరిలో ఒక వాన పడిందంటే యాడాడి నుంచో జనం సద్ది మూటలు కట్టుకొని వచ్చి చెట్ల కింద, గుళ్లల్లో పడుకొని తెల్లారితే చాలు తలకాయ వంచుకొని చేను చేనంతా నడుస్తారు, అది నాకన్నా నీకే బాగా తెలుసు, నువ్వు ఆ పక్కనోడివే. ఆ బళ్లో పిల్లల అమ్మలు ఎంతమంది ఆ చేలల్లో నడిచినారో! ఆ పాప వాళ్లమ్మ కూడా నడిచిందేమో, పోయిన ఏడు దొరక్కపోతే ఈ ఏడు పోవాలా వద్దా అని ఇంట్లో మాటలు జరుగుతా ఉన్నాయేమో. నీ కథలో అమ్మ మళ్లీ వస్తుందా అని అడిగిందంటే ఆ అమ్మ గురించి నిజంగా దిగులు పడతా ఉందన్నమాట. నీకు తెలిస్తే తెలిసింది చెప్పాల, నువ్వు అంతవరకు ఆలోచించకపోతే "ఆలోచించలేదమ్మా, ఇంటికి పోయి ఆలోచించి రాస్తా" అని చెప్పాల, అంతేగానీ ఆ రెండూ కాకుండా గోడ మీద రాసే సూక్తి చెప్తే ఎట్ల?

ఇది నీ ఒక్కడి తప్పే అనుకోవద్దు, నేను ఇంతకన్నా పెద్ద తప్పులే చేసినా. నా మొదటి నవల లంకమల అడివి అంచున మేకలు మేపే ఓబులేసు అనే పిల్లోడి కథ అని నీకు తెలుసు కదా. వాడి చుక్కమేక నాలుగో అధ్యాయంలో తప్పిపోతుంది, మళ్లీ కనపడదు, నేను దాని గురించి మరి రాయలేదు. పుస్తకం వచ్చినాక పిల్లలు వేరే ఏదీ అడగరే, చుక్కమేక ఏమైంది, చుక్కమేక ఏమైంది. నాకేమో ప్రతి పిల్లనీ సంతోషపెట్టాలని ఆశ. బద్వేలు పిల్లోడికి అది మూడో రోజు తిరిగొచ్చిందని రాసినా, ప్రొద్దుటూరు పాపకు చిరుత పట్టకపోయిందని రాసినా, ఆ పాప ఉత్తరం చూస్తే కొంచెం గట్టి పిల్ల అనిపించింది, తట్టుకుంటుందిలే అనుకున్నా. ఆ ఇద్దరూ మేనమామ మేనత్త పిల్లలంట. ఎండాకాలం సెలవులకు అవ్వ ఇంట్లో కలిసి రెండు ఉత్తరాలు పక్కపక్కన పెట్టుకొని చదువుకున్నారు. ఒకే ఇన్‌ల్యాండ్ కవర్ మీద ఇద్దరి చేతిరాతా ఉంది, సగం వాడిది సగం ఆ పాపది, "మాకిద్దరికీ వేరే వేరే చెప్పారు, ఏది నిజం" అని. ఆ కవరు పట్టుకొని వరండాలో ఎంతసేపు కూర్చున్నానో!

అప్పటినుంచి ఒక నోటుబుక్కు పెట్టుకున్నా. ఏ పాత్ర గురించి ఏ పిల్లకు ఏం చెప్పినానో తేదీ వేసి రాసుకుంటా. నువ్వూ పెట్టుకో, రేపే పెట్టుకో. పుస్తకంలో లేని సంగతి ఒక పిల్లకు చెప్పినావంటే అది కూడా పుస్తకంలో రాసినట్టే లెక్క, మల్లా మార్చే హక్కు నీకు లేదు. ఆ ఇద్దరికీ మాత్రం "రెండూ నేను అప్పటికప్పుడు అల్లి చెప్పినవే, మేక ఏమైందో ఓబులేసుకు తెలీదు, వాడికి తెలీనిది నాకూ తెలీదు, అబద్ధం చెప్పినందుకు క్షమించండి" అని రాసినా. వాళ్లు క్షమించారు కూడా, ఇప్పటికీ సంక్రాంతికి ఫోన్ చేస్తారు.

ఇంగ పాత్రల సంగతి వేరు, లోకంలో నిజంగా ఉండే వాటి సంగతి వేరు. ఆ నవల్లోనే ఓబులేసుకు మిట్టమధ్యాహ్నం కలివికోడి, అదే మన పక్క పొదల్లో ఉండే అరుదైన పక్షి, కనపడిందని రాసినా. అట్లూరు పక్క నుంచి ఏడో తరగతి పిల్లోడు యాభై పైసల కార్డు రాసినాడు, పెన్సిల్‌తో, "మేడం, కలివికోడి రాత్రి తిరిగే పక్షి, పగలు కలివి పొదల్లో నక్కి ఉంటుంది, మా తాత చెప్పినాడు" అని. నాకు తెలీక కాదు నాయనా! 1900 తర్వాత అది అంతరించిపోయిందనే అనుకున్నారు, 1986 జనవరిలో మన కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర మళ్లీ దొరికింది, అదీ రాత్రిపూట లైటు వెలుతురులో పట్టుకున్నారు, ఇవన్నీ చదివే రాసినా. (ఆ ఎనభై ఆరేళ్లూ మన మేకలోళ్లకు కనపడకుండా ఉండదు, వాళ్లను అడిగినోళ్లు లేరు అని నా నమ్మకం.) ఆ సీన్‌కు ఎండ కావాలని, ఎండలో పక్షి రెక్కలు బాగుంటాయని రాసేసినా, అంతే. పిల్లోడు పట్టుకున్నాడు. నీదే కరెక్టు అని జవాబు రాసి, రెండో ప్రింటులో ఆ నాలుగు పేజీలు తీసేసి మళ్లీ రాసినా. పరిశోధన చేసేవాళ్లు పొదల మధ్యన సన్నటి మట్టి పరిచి పొద్దున్నే దాని మీద కాలి గుర్తులు చూసుకుంటారు, అది పెట్టినా. ఇప్పుడు ఓబులేసు పక్షిని చూడడు, పొద్దున్నే మట్టిలో మూడు వేళ్ల గుర్తులు చూస్తాడు, మోకాళ్ల మీద కూర్చొని పక్కన తన వేలు పెట్టి కొలుచుకుంటాడు. పిల్లలకు ఆ పుస్తకంలో బాగా నచ్చింది అదేనంట.

ఇంకో పాప అడిగింది, 1986లో పట్టుకున్న ఆ పక్షి ఏమైంది అని. బతకలేదు అని రాసినా. రాసేముందు రెండు రోజులు తటపటాయించినా, తొమ్మిదేళ్ల పిల్ల. దాని తిరుగు ఉత్తరంలో ఏడుపూ లేదు ఏమీ లేదు, "అయితే దానికి జత ఉండిందా" అని ఒకే ముక్క. అది ఎవరికీ తెలీదమ్మా అని రాసినా.

ముప్పై ఉత్తరాలొచ్చాయి, ఒకే జవాబు రాసి జిరాక్స్ తీసి పంపనా అని అడిగినావు. వద్దు. పొడుగ్గా రాయనవసరం లేదు, ఒక్కొక్కరికి మూడు లైన్లు చాలు, కానీ ఆ పిల్ల రాసిన మాట ఒకటి అందులో ఉండాల. ముప్పైలో చాలావాటిలో "మీకు రచనకు ప్రేరణ ఏమిటి" అనే ఉంటుంది చూడు, అది టీచరు బోర్డు మీద రాయించిన ప్రశ్న, దానికి ఒక లైను సరిపోతుంది. సొంత ప్రశ్న ఎక్కడుంటుందంటే "ఇట్లు" అని సంతకం పెట్టినాక కింద, ఇరికించి, ఒక్కోసారి వేరే ఇంకుతో. అది వెతుక్కో, దానికి జవాబు రాయి.

కానీ ఆ పాపకు ముందు రాయి. పేరు తెలీదు అన్నావు, బళ్లో ఫోన్ చేసి అడిగితే చెప్తారు. అమ్మ వస్తుందా రాదా కూర్చొని నిజంగా ఆలోచించు, వస్తే ఏ పక్క చేలోకి వస్తుంది, కూతుర్ని తోడు తెచ్చుకుంటుందా, అంతా ఆలోచించినాక రాయి. తొలకరి ఇంక నెల కూడా లేదు, వాన పడే లోపల ఉత్తరం అందేటట్టు చూడు.

ఉంటా నాయనా,
మీ అమ్మలాంటిదాన్ని,
కడప నుంచి