అమ్మ ఇల్లు, నా చాకిరీ, తమ్ముడి అనుమానం

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. నాన్న పోయాక అమ్మకు తోడుగా ఆవిడ ఇంట్లోనే ఉంటున్నాను. ఇల్లు అమ్మ పేరు మీదే ఉంది. నాలుగేళ్లుగా పైనున్న రెండు గదులు అద్దెకిస్తున్నాం. మనుషుల్ని వెతకడం, రిపేర్లు, వసూళ్లు అన్నీ నావే. అద్దె నా ఖాతాలో పడుతుంది, ఇంటి ఖర్చులకే వాడతాను. ఇప్పుడు తమ్ముడు ‘ఆ డబ్బంతా నువ్వే తినేస్తున్నావు’ అంటున్నాడు. కింద నాన్న గది కూడా అద్దెకిద్దామంటే అమ్మ ‘నీ ఇష్టం’ అంది. అప్పట్నుంచీ ముభావంగా ఉంటోంది. ఇంత చేసి ఇద్దరికీ చెడ్డదాన్నయ్యాను.

జవాబు: తమ్ముడి నింద మిమ్మల్ని బాగా బాధపెట్టినట్టుంది. నా మనసు మాత్రం అమ్మ అన్న ఆ ‘నీ ఇష్టం’ దగ్గరే ఆగిపోయింది. మీ మీద ఆధారపడి ఉన్నానని అనుకునే మనిషి ‘వద్దు’ అని చెప్పలేక అనే మాట అది.

పై గదుల సంగతి వేరు. వాళ్ల రాకపోకలు వాళ్లవి. కింద గదిలోకి మనిషి వస్తే అమ్మ తన హాల్లో తను నడుం వాల్చడానికి ఆలోచించుకోవాలి. రాత్రి బాత్‌రూమ్‌కి వెళ్లాలన్నా ఎవరైనా ఉన్నారేమో చూసుకోవాలి. పైగా అది నాన్న గది. మీకు ఖాళీగా కనిపిస్తున్న ఆ గది ఆవిడకు ఖాళీ కాకపోవచ్చు.

కాబట్టి ముందు అమ్మతో ఒంటరిగా కూర్చోండి. ‘ఇద్దామా, వద్దా’ అని అడిగితే మళ్లీ అదే జవాబు వస్తుంది. ‘కింద కొత్తవాళ్లుంటే నీకు ఏది ఇబ్బంది?’ అని అడగండి. వద్దంటే గది ఇవ్వబోమని, ఖర్చుల సంగతి వేరేగా చూసుకుందామని ముందే చెప్పండి. ఆ మాట మీద నిలబడండి కూడా.

ఇక తమ్ముడు. పనిలో చెయ్యి వేయకుండా నింద వేస్తే ఎంత మండుతుందో అర్థమవుతోంది. మీరు తప్పు చేశారని నేను అనుకోవడం లేదు. కానీ ఇల్లు అమ్మది కాబట్టి అద్దె కూడా అమ్మదే. అది నాలుగేళ్లు లెక్క లేకుండా మీ ఖాతాలో పడితే దూరంగా ఉన్నవాడికి అనుమానం రావడం సహజం. వచ్చే నెల నుంచి అద్దె అమ్మ ఖాతాలోకే వెళ్లనివ్వండి. చాలాచోట్ల అద్దె మీద పన్ను కూడా యజమాని పేరునే లెక్కిస్తారు, ఆ చిక్కూ తప్పుతుంది. మీ శ్రమకు నెలకింత అని అమ్మే నిర్ణయించి, తమ్ముడికి తెలిసేలా ఇవ్వాలి. అది తీసుకోవడానికి మొహమాటపడకండి. గుట్టుగా వాడుకున్న డబ్బుకే నింద వస్తుంది. వచ్చింది, పోయింది ఒక పుస్తకంలో రాసి నెలనెలా అతనికి ఫొటో పంపండి. పాత నాలుగేళ్లకు బ్యాంకు స్టేట్‌మెంట్‌తో తేలినంత రాసివ్వండి చాలు, ప్రతి ఖర్చుకూ సంజాయిషీ చెప్పనక్కర్లేదు.

అద్దెకున్నవాళ్లు ఇచ్చిన అడ్వాన్స్ విషయంలో మాత్రం గట్టిగా చెబుతున్నాను. అది ఆదాయం కాదు, తిరిగి ఇవ్వాల్సిన బాకీ. ఇంటి ఖర్చుల్లో కలిసిపోయి ఉంటే అన్నిటికంటే ముందు దాన్ని విడిగా పెట్టండి.

అద్దె ఒప్పందం మీద ఎవరి సంతకం ఉందో కూడా చూసుకోండి. అమ్మది ఉండాలి, లేదా ఆవిడ తరఫున సంతకం చేసే అధికారం మీకు రాతపూర్వకంగా ఇచ్చి ఉండాలి. ఆ అధికారం మామూలుగా ఆవిడ ఉన్నంతవరకే చెల్లుతుంది. తర్వాత వారసులంతా కలిసి తేల్చుకోవాల్సిందే. తమ్ముడితో మాట సరిచేసుకోమని ఇప్పుడే చెప్పడానికి అదొక కారణం. యజమాని ఉంటున్న ఇంట్లోనే గది ఇస్తే కొన్నిచోట్ల నిబంధనలు మారతాయి, కింద గది ఇవ్వాలనుకుంటే ముందు ఒకసారి లాయర్‌ని అడగండి.

అదంతా అమ్మ మనసులో మాట చెప్పాకే. అప్పటిదాకా నాన్న గదిని అలాగే ఉండనివ్వండి.